ఆసుపత్రి కొలువు

సికిందరాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ దాటిన పిమ్మట స్టేషన్ ఘన్‌పూర్ వచ్చును. (కోటగుళ్ళు గల ములుగు ఘనపురము వేరు.) 2025 మార్చిలో ఇచట నూరు పడకల ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఊరివారికి ఇది చిన్న విషయము కాదు. పెద్ద జబ్బు చేసినచో వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి పరుగెత్తుట వారికి పరిపాటి. భవనము లెక్క పడకలతో తేలును. ఆ పడకల చుట్టును రేయింబవళ్ళు షిఫ్టులవారీగా పని చేయవలసినవారి లెక్క అంత సులభముగా తేలదు. వారిని ఏ షరతులపై కొలువున పెట్టుకొందురను ప్రశ్నకు మాత్రము పెద్ద చరిత్రయే కలదు.

హైదరాబాదులో 1846లో నిజాము నాసిరుద్దౌలా కాలమున వైద్య పాఠశాల ఏర్పడెను. బోధన ఉర్దూలో సాగెను. 1885లో స్త్రీలకును అందు ప్రవేశము లభించినది. నాడు చేరిన రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫారము ఇచ్చు విద్యలో ఆరితేరి, ప్రపంచమున తొలి మత్తు వైద్యురాలిగా పేర్కొనబడుచున్నది. వైద్యుల చరిత్ర ఇట్లు వ్రాతకెక్కినది. తక్కినవారి చరిత్ర ఎప్పుడో ఒక వాక్యములో తొంగిచూచును. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో నోబెల్ బహుమానము పొందెను. ఆ దోమలచే కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖానునకు దోమకొక అణా చొప్పున ముట్టినది. పని పనికి లెక్కగట్టి పైకమిచ్చు పద్ధతి వైద్యశాలలలో ఎంత పాతదో చూడుడు!

1943లో నియమింపబడిన భోర్ సంఘము 1946లో నివేదిక సమర్పించెను. అప్పటికి దేశమున 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉండిరి. అనగా ఒక్క నర్సునకు దాదాపు ఏడుగురు డాక్టర్లన్నమాట. నర్సుల పని పరిస్థితులు శోచనీయముగా ఉన్నవని ఆ సంఘమే ఒప్పుకొన్నది. ప్రభుత్వ వైద్యులు సొంత ప్రాక్టీసు చేయరాదనియు అది సూచించెను. తెలంగాణలో క్రొత్తగా నియమింపబడు ప్రభుత్వ వైద్యులకు ఆ నిషేధము 2022లో గాని రాలేదు. మధ్య గడచినవి డెబ్బదియారు ఏండ్లు.

ఈ కథలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది బొంబాయి జె.జె. ఆసుపత్రులలో పని చేసిన ఇద్దరు వార్డు పరిచారికల వ్యాజ్యము. పౌర సరఫరాల శాఖలో పని పోయిన ఉద్యోగులకు చోటు కల్పించుటకై వీరిని తొలగించిరి. పరిహారము ఈయలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టము ప్రకారము ఇది చెల్లదని వారి సంఘము వాదించెను. అందుకు ప్రభుత్వము చెప్పిన సమాధానము వినదగినది: ఆసుపత్రి పరిశ్రమ కాదు, కావున ఆ చట్టము దానికి వర్తింపదు! ఒక ప్రభుత్వ శాఖలో కొలువు పోయినవారిని ఆదుకొనుటకు మరియొక చోట ఇద్దరి కొలువు తీసివేయుట మాత్రము దానికి తప్పుగా తోచలేదు.

1960లో సుప్రీంకోర్టు పరిచారికల పక్షమున తీర్పు చెప్పెను. పదేండ్లు దాటిన పిమ్మట, 1970లో, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కేసులో అదే న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చెను. మరల 1978 ఫిబ్రవరి 21న బెంగుళూరు నీటి సరఫరా మండలి కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆసుపత్రులను పరిశ్రమల వరుసలో చేర్చెను. ప్రధానమైన తీర్పు జస్టిస్ కృష్ణయ్యరు వ్రాసినది. 1982లో పార్లమెంటు ఆసుపత్రులను మినహాయించుచు చట్టమును సవరించెను గాని, ఆ భాగము అమలునకు రానేలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ధర్మకార్యములు చేయు సంస్థలను నిర్వచనము వెలుపల ఉంచెను. ధర్మాసుపత్రిలో ఊడ్చు ఆయాకు బియ్యము ధర్మముగా రావు గదా! సేవ అను మాట గొప్పది. జీతము సంగతి వచ్చినప్పుడెల్ల దానిని అడ్డము పెట్టుట మాత్రము గొప్ప కాదు.

మన రాష్ట్రమున చిక్కు మరియొక దారిని వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో చేసిన 2వ చట్టము దినకూలి నియామకములను, మంజూరు లేని తాత్కాలిక నియామకములను నిషేధించెను. అడ్డదారి కొలువులను అరికట్టుట దాని ఉద్దేశము. కాని రోగుల రాక ఆగలేదు. క్రమముగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు అను ద్వారములు తెరచుకొనెను. ఒకే వార్డులో ఒకే సూది వేయు ముగ్గురు నర్సులకు మూడు విధముల జీతము గల పరిస్థితి ఏర్పడెను. సమానమైన పనికి సమాన వేతనము తాత్కాలికులకును చెందునని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న పంజాబు కేసులో చెప్పినది.

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల సంగతియు ఆ సంవత్సరమే జనవరి 29న అదే కోర్టు ముందు వచ్చెను. తత్ఫలితముగా ఏర్పడిన నిపుణుల సంఘము, 200 పడకలు మించినచోట ప్రభుత్వ నర్సులతో సమానమైన జీతమును, 50 పడకల లోపు చోట కనీసము నెలకు 20,000 రూపాయలను సిఫారసు చేసెను. సిఫారసు చట్టము కాదు. చిన్న పట్టణముల నర్సింగుహోములలో పని చేయు అమ్మాయిలకు ఆ అంకె ఎంతవరకు చేరినదో వారి ఇండ్లలో అడిగిన తెలియును.

ఇక 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతో వచ్చిన ఆశా కార్యకర్తలు కలరు. వీరు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకురాండ్రు అని ఆ పథకమే చెప్పినది. కాన్పునకు ఇంత, టీకాకు ఇంత అని పని పనికి ప్రోత్సాహకము నిర్ణయించిరి. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఇల్లాలిని పల్లె నుండి ఆసుపత్రికి తోడ్కొని వచ్చునది ఆమెయే. ఘన్‌పూర్‌లో నూరు పడకలు సిద్ధమైననాడు వాటి ముందు బల్లపై తెల్లవారువరకు కూర్చుండునదియు ఆమెయే.