అద్భుత సాహసకథలు – బాలపాఠకులు

కథ వినుట మానవునకు ఆకలిదప్పులవలె సహజమైనది. బాలురకు అద్భుతకథలయందు గల మక్కువ మఱింత గాఢమైనది. ఏడు సముద్రముల కవతల మఱ్ఱిచెట్టు తొఱ్ఱలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుని ప్రాణము అనగానే నిద్రమత్తులో నున్న పిల్లవాడును లేచి కూర్చుండును. అయినను ఇట్టి కథలను పనిలేనివారి కట్టుకథలని చులకన చేయుట పెద్దలలో పలువురకు తరతరములుగా వచ్చుచున్న అలవాటు. ఈ చిన్నచూపువలన మనము ఏమి కోల్పోయితిమో, దానిని దాటి ఈ కథలు పల్లెపిల్లల చేతులకు ఎట్లు చేరినవో తెలిసికొనదగిన చరిత్ర.

ఈ చరిత్రకు ఆదిని నిలుచువాడు గుణాఢ్యుడు. శాతవాహనరాజు ఆస్థానమందుండిన ఈ కవి పైశాచీభాషలో ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను రచించెనని 11వ శతాబ్దమునాటి కాశ్మీరకవి సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పినాడు. పిశాచభాషయని రాజు దానిని తిరస్కరించెను. గుణాఢ్యుడు అడవిలో అగ్ని రగిల్చి, ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి మంటలో వేయసాగెను. మృగములు మేత మఱచి కన్నీటితో వినుచుండెను. రాజు సంగతి తెలిసి వచ్చునప్పటికి ఆరు లక్షల శ్లోకములు బూడిదయై, ఒక్క లక్ష మాత్రము మిగిలెనట. ఇది ఐతిహ్యమేగాని చరిత్ర కాదు. అయినను మూలమైన బృహత్కథ నేటికిని లభింపలేదనుట మాత్రము సత్యము. విక్రమార్కుడు, బేతాళుడు మనకు దక్కుట తరువాతివారి అనుసరణల పుణ్యమే.

15వ శతాబ్దమున తెలంగాణపు కవి కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికను తెలుగు చేసెను. విక్రమార్కుని సింహాసనము నెక్కబోయిన భోజరాజును ముప్పదిరెండు బొమ్మలు అడ్డగించి, ఒక్కొక్కటి ఒక్కొక్క కథ చెప్పుట అందలి వస్తువు. అయితే పద్యకావ్యము పండితుల సొత్తు. అక్షరము రాని యింటి బిడ్డకు అద్భుతము చెవి ద్వారమునను కంటి ద్వారమునను అందవలసి యుండెను.

ఆ పనిని మన ప్రాంతమున చేర్యాల నకాషీ చిత్రకారులు నెరవేర్చిరి. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన ఈ చేర్యాలలో, ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురును సుద్దను పట్టించి, ఎఱ్ఱని నేలపై దేవతలను, రాక్షసులను, వీరులను వరుసలు వరుసలుగా చిత్రించెడివారు. పలు గజముల పొడవుగల ఆ పటమును కథకులు ఊరూర వ్రేలాడదీసి, ఒక్కొక్క వరుసను విప్పుచు పాడుచు చెప్పెడివారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు – ఇట్లు ఒక్కొక్క కులమునకు తనదైన పురాణము, తనవైన పటము, తమవారైన కథకులు ఉండిరి. భావనాఋషి పులినెక్కి రాక్షసునిపై కదలుట పటమున చూచిన సాలె పిల్లవానికి అది తన తాతల చరిత్రగనే తోచెడిది. తరువాతి వరుస ఇంకను చుట్టలోనే యుండుటచే, ఏమి జరుగునో యను ఆతురతయు వాని నంటియే యుండెడిది. కొమురవెల్లి మల్లన్న కథను ఒగ్గువారు రాత్రులందు చెప్పునప్పుడును పిల్లలు పెద్దల ఒడిలో కూర్చుండి తెల్లవారులు వినెడివారు.

అచ్చుపుస్తకముల యుగమున ఈ దాహమును తీర్చినవి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు ఒక గొల్లపిల్లవానిని తోడు తీసికొనును. మజిలీ మజిలీకి తాను చూచిన వింతనుగూర్చి అడిగినప్పుడు కథ చెప్పవలెనని ఆ బాలుని నిబంధన. పండితుడైన యతి కథ చెప్పుటయు, పశువులకాపరి ప్రశ్న వేయుటయు ఇందలి విశేషము. కథను కదలించునది బాలుని జిజ్ఞాసయే.

అయితే ఇట్టి పుస్తకములు నైజాము రాజ్యమునందలి పల్లెలకు చేరుట సులభముగా లేదు. పాఠశాలలలో బోధన ఉర్దూలో సాగెడిది. ఆ లోటును పూరించినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. దేశోద్ధారక గ్రంథమాలను నడపిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను స్వయముగా మోసి ఊరూర అమ్మెను. ఆయన మోసినది మాంత్రికుల కథలను గాదు. కాని ఆయన వంటివారు వేసిన బాటలోనే తరువాత బాలల పుస్తకములును నడచి వచ్చినవి.

1947 జూలైలో మద్రాసున బి. నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ'ను ప్రారంభించిరి. 1951లో 'పాతాళభైరవి' చిత్రమును నిర్మించినదియు వీరి విజయా సంస్థయే. తోటమాలి కొడుకు నేపాళ మాంత్రికుని గెలుచు ఆ కథకు కాశీమజిలీలే ఆధారము. మజిలీకథ వెండితెర కెక్కిన ఆ యింటనే బాలల ధారావాహిక నవలయు వికసించినది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు చందమామ సంపాదకత్వమున చేరెను. అదే సంవత్సరమున గుంటూరు జిల్లావాడగు దాసరి సుబ్రహ్మణ్యము, ఇరువది యేండ్ల యువకుడు, అచ్చట ఉద్యోగమునకు వచ్చెను. 1954లో 'తోకచుక్క'తో మొదలిడి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు – ఇట్లు పండ్రెండు ధారావాహికలను 1978 వఱకు ఆయన వ్రాసెను. చిత్రకారుడు 'చిత్ర' వానికి రూపము కల్పించెను. పాఠకులకు మాత్రము రచయిత పేరు తెలియదు. పత్రికయందు ఆ పేరు అచ్చుకాలేదు. కథ కొఱకు నెల పొడవునను ఎదురుచూచిన లక్షల పిల్లలలో దానిని వ్రాసినవాని నెఱిగినవారు అరుదు.

ఈ కథల అల్లిక గమనింపదగినది. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరులవలె నాయకులు తఱచుగా ఇరువురు మిత్రులు. వారికి మంత్రము రాదు. ధైర్యము, యుక్తి, స్నేహము మాత్రమే వారి ఆయుధములు. మంత్రమెఱిగినవాడు దురాశచే తనవంటి మఱొక మాంత్రికునితో కలహించి చెడును. వాని భయంకరరూపము వెనుక పిఱికితనముండును. అది బయటపడినప్పుడు పిల్లలు నవ్వుదురు. ప్రతి భాగమును ఒక ఆపదకడ ఆగును. చేర్యాల పటమునందు విప్పని వరుస ఏ పని చేసినదో, నెలకొకసారి వచ్చు సంచికయు అదియే చేసినది. తరువాతి భాగమునకై పత్రికను తానే చదువవలెనను పట్టుదల పిల్లవానిలో పుట్టినది. వాచకమున కూడబలుకుకొని చదువువాడు రాకాసిలోయలో ఆగక చదువగలిగినాడు. అద్భుతకథ చేసిన మహోపకార మిది.

ఇట్టి కథలు మూఢనమ్మకములను పెంచునను ఆక్షేపణము కలదు. చందమామను 1980 వఱకు తీర్చిదిద్దిన కుటుంబరావు హేతువాది, మార్క్సీయ దృక్పథము గలవాడు. భూతములను నమ్మనివాడే బేతాళకథలకు కొత్త రూపమిచ్చెను. ఆ కథలలో శవమునందలి బేతాళుడు భయపెట్టుటతో ఊరకుండడు, చిక్కుప్రశ్న వేయును. రాజు న్యాయాన్యాయములు విచారించి సమాధానము చెప్పవలెను. చదువరియు రాజుకంటె ముందే తన తీర్పు తాను చెప్పుకొనును. నమ్ముట వేఱు, ఊహించుట వేఱు. ఊహలో రాక్షసుని ఎదిరించిన బాలుడు రేపు లోకమునందలి దుర్మార్గుని చూచి తొట్రుపడడు. 1997లో ఇంగ్లండున హారీ పాటర్ కథ వెలువడినప్పుడు లోకమందలి పిల్లలు దానికై ఎగబడుటను బట్టి, ఈ రుచి ఏ యొక్క దేశమునకో పరిమితము కాదని తేలినది.

చందమామ 1998లో ఒకసారి ఆగి, మరుసటి యేట తిరిగి వెలువడి, 2013 నాటికి నిలిచిపోయినది. దాసరి సుబ్రహ్మణ్యము 2010లో కన్నుమూసెను. ఆయన పేరు లోకమునకు బాగుగా తెలిసినది జీవితపు చివరి దినములలోనే. చేర్యాలలో నకాషీ కుటుంబములు కొద్దిగ మాత్రమే మిగిలినవి. నేటి పటములు చాలవఱకు ఇంటిగోడలకు అలంకారములైనవి. పటము విప్పి కథ చెప్పువారు అరుదైనారు. గుణాఢ్యుని అగ్ని చల్లారలేదని చెప్పవలసి యున్నది.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇందు స్పష్టమైన కర్తవ్యము కలదు. అటకలపై చెదలు తినుచున్న పాత సంచికలను చందాదారులు తెచ్చి ఇచ్చినచో, సంవత్సరముల వారీగా కుట్టి జిల్ద్ కట్టించి భద్రపఱుపవచ్చును. పటముకథ, ఒగ్గుకథ తెలిసిన వృద్ధులచేత చెప్పించి వ్రాయించి ఉంచవచ్చును. బాలల బీరువా తాళము సాయంకాలము తెఱచియుంచుట అన్నిటికంటె సులభమైన పని. పాఠ్యపుస్తకము విడిచి మాంత్రికుని కథ పట్టుకొన్న పిల్లవానిని చూచి తండ్రి కోపింప నవసరము లేదు. నేడు రాకాసిలోయను దాటినవాడే రేపు పోతన భాగవతమును తెఱచును. బూడిద కాకుండ మిగిలిన ఆ లక్ష శ్లోకములను కాపాడుకొనుట మన వంతు.