రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచిన కథ

మన సంఘం నెలవారీ సమావేశంలో డి.ఆర్. బకాయిల సంగతి అయిపోగానే మాట షుగరు మీదికి మళ్లడం అందరికీ తెలిసినదే. ఈమధ్య ఆ మాటల్లో 'ఫాస్టింగ్ ఇన్సులిన్' అనే కొత్త పేరు వినబడుతోంది. మార్కాపురంలోనూ, గిద్దలూరులోనూ రక్తం తీసి, పరీక్ష వేరే ఊళ్లో చేయించి, రిపోర్టు ఫోనుకు పంపుతున్నారు. ఆ అంకె చరిత్రను, ఆరోగ్యశాఖలో ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేసి రిటైరయిన నాకు తెలిసినంత మేరకు వ్రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మన పశ్చిమ ప్రాంతపు ఆరోగ్య కేంద్రాలలో షుగరు పరీక్ష అంటే మూత్ర పరీక్షే. టెస్ట్‌ట్యూబులో 5 మి.లీ. బెనెడిక్ట్ ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. నీలంగానే ఉంటే షుగరు లేనట్లు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు. కొమరోలు, రాచర్ల వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు రంగు చూసి వాళ్లే చెప్పేవారు: "ఇటికరంగు వచ్చిందంటే డాక్టరుగారి తిట్లు తప్పవు సారూ!"

రంగును బట్టి కొలిచే ఈ విద్యలో ఒక తెలుగువాడి పేరు నిలిచిపోయింది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతటా దశాబ్దాలపాటు ల్యాబుల్లో వాడారు. ఆయనను మందుల శాస్త్రవేత్తగా తలచుకుంటాం గాని, మా ల్యాబువాళ్లకు ముందుగా ఆయన ఈ పరీక్ష మనిషి.

అయితే ఇన్సులిన్ ఇలా రంగుకు చిక్కేది కాదు. భాస్వరం 100 మి.లీ. రక్తద్రవంలో మూడు నాలుగు మిల్లీగ్రాములుంటుంది. పరగడుపున ఇన్సులిన్ అందులో దాదాపు లక్షోవంతు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరుచేసి, 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రవానికి ఇంజెక్షన్ ఇచ్చారు. మందు వచ్చింది గాని, మనిషి రక్తంలో సొంత ఇన్సులిన్ ఎంత ఉన్నదో కచ్చితంగా కొలవడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ పని జరిగింది న్యూయార్కు బ్రాంక్స్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో. భౌతికశాస్త్రవేత్త రోజలిన్ యాలోకు అక్కడ ల్యాబుగా మొదట దొరికింది చీపుళ్లు, బకెట్లు పెట్టుకునే గది. డాక్టరు సాలమన్ బెర్సన్‌తో కలిసి ఆమె రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన ఇన్సులిన్‌ను రోగులకిచ్చి చూశారు. ఇంజెక్షన్లకు అలవాటుపడినవారి రక్తంలో అది త్వరగా పోవడం లేదు. పశువుల ఇన్సులిన్ మీద శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకొని దాన్ని పట్టి ఉంచుతోంది. అంత చిన్న ప్రోటీనుకు ప్రతిరక్షకాలేమిటని 'సైన్స్' పత్రిక వారి వ్యాసాన్ని తిప్పి పంపింది. 1956లో మరో పత్రిక, శీర్షికలోంచి ఆ మాట తీసేశాకే అచ్చు వేసింది. ఆ రెండో పత్రిక మొదట పంపిన తిరస్కార లేఖను యాలో దాచుకొని నోబెల్ ఉపన్యాసంలో చూపించారు!

ఆ ప్రతిరక్షకాలతోనే వారు కొలత కనిపెట్టారు. గిద్దలూరు బస్సును ఊహించుకోండి. సీట్లు యాభై. ఎర్రటోపీ వాళ్లు యాభైమందిని నిలబెట్టాం. ఇంకెవరూ రాకపోతే సీట్లన్నీ వాళ్లవే. మామూలు ప్రయాణికులు ఎంత ఎక్కువమంది తోసుకొని ఎక్కితే, అంత తక్కువ ఎర్రటోపీలకు సీట్లు దొరుకుతాయి. కూర్చున్న టోపీలను లెక్కపెడితే మామూలు జనమెందరో తేలుతుంది. సీట్లు ప్రతిరక్షకాలు, టోపీలు రేడియోధార్మిక ఇన్సులిన్, మామూలు జనం రోగి సొంత ఇన్సులిన్. 1960లో పూర్తి వివరాలు వెలువడ్డాయి. వారు పేటెంటు తీసుకోలేదు. బెర్సన్ 1972లో మరణించారు. 1977 నోబెల్‌లో సగం యాలోకు వచ్చింది. ఇప్పటి యంత్రాలు చాలావరకు రేడియోధార్మికతకు బదులు వెలుగును కొలుస్తాయి.

తేలిన నిజం వైద్యులనే ఆశ్చర్యపరిచింది. పెద్దవయసులో షుగరు వచ్చిన చాలామందికి ఇన్సులిన్ లోపించలేదు, సరికదా గ్లూకోజు తాగాక మామూలువారికంటే ఎక్కువే ఉంది. ఉన్నా, శరీరం దాని మాట వినడం లేదు.

అసలు చెప్పవలసినది ఇది. నిరుడు మన మిత్రులొకరు, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకునేవారు, రిపోర్టులో అంకె హద్దు దాటిందని చూసి "నాకు ఎక్కువే ఉందిగదా" అని ఇంజెక్షన్ మానేశారు. వారం తిరగకుండా షుగరు 400 దాటి ఒంగోలులో ఆసుపత్రి పాలయ్యారు. కొన్ని యంత్రాలు వేసుకున్న ఇన్సులిన్‌ను కూడా కలిపి చూపుతాయి, కొన్ని రకాలను అసలే పట్టుకోవు. పైగా యాలో కనుగొన్న ఆ ప్రతిరక్షకాలే అంకెను తారుమారు చేయగలవు. షుగరు నిర్ధారణకు ఈ పరీక్ష అక్కరలేదు. పరగడుపు షుగరు 126, హెచ్‌బిఎ1సి 6.5 అనే హద్దులున్నాయి. కారణం తెలియకుండా షుగరు పడిపోయేవారికి మాత్రం ఇది ముఖ్యమైనది.

ఇంజెక్షన్ వేసుకునేవారి సొంత ఉత్పత్తి తెలియాలంటే వైద్యులు సి-పెప్టైడ్ పరీక్ష వ్రాస్తారు. శరీరం ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు ఇదీ సమానంగా పుడుతుంది, ఇంజెక్షన్‌లో ఉండదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అది ఎక్కువగా కనబడుతుంది కనుక, వెళ్లేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు కూడా సంచిలో పెట్టుకోండి.