చెదలు పట్టిన పుట్టి

ఆ శెనిక్కాయ పొట్టు ఇంకో దోసెడు మంటలో ఎయ్యి నాయనా. ఒక్కసారే కుమ్మరించొద్దు, పొగొస్తాది. పైపైన చల్లు. ఆఁ, ఇప్పుడు ఇను.

పుట్టి అంటే ఏందో చెప్పు సూద్దాం? ఇరవై తూములా? అదే, మీ తొండూరోళ్లకు అంతకు మించి తెలీదు. మీ అవ్వను చేసుకొని నేను ఈ ఊరికొచ్చిన కొత్తలో, మాటల్లో మాటగా 'మాకొక పుట్టి ఉండె మామా' అంటి. మీ అవ్వ వాళ్ల నాయన పుట్టెడు జొన్నలనుకొని శానా సంబరపడినాడు. నీళ్లలో తేలే పుట్టి అని తెలిసినాక రెండు దినాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మాది పెన్న ఒడ్డు. ఏటికి అవతల జమ్మలమడుగు, ఇవతల ముద్దనూరు పక్క మా పల్లె. పత్తి అమ్ముకోవాలన్నా, ఉప్పూ బెల్లం తెచ్చుకోవాలన్నా, ఒంట్లో బాగలేక కాంబెల్ ఆస్పత్రికి పోవాలన్నా ఏరు దాటాల్సిందే. ఏడాదిలో శానా నెలలు ఏరంటే వట్టి ఇసుక. చెప్పులు చేత పట్టుకొని నడిచిపోతాంటిమి. నీళ్లు పారే ఆ కొన్ని దినాల్లోనే పుట్టితో పని. ఆ కొన్ని దినాల కోసం మా నాయన, పాలిచ్చే ఎనుమునిచ్చి పుట్టి కొన్నాడు. పుట్టికి కింద కప్పేది ఎనుము తోలే కదా. మా జేజి నెత్తి కొట్టుకొని, 'బతికిన ఎనుమునిచ్చి చచ్చిన ఎనుమును తోలుకొచ్చినోడు నా కొడుకొక్కడేరా' అనింది. ఆ మాట మా పల్లెలో ఇరవై ఏండ్లు నడిచింది.

పుట్టి ఎట్లుంటాదంటే, మేదరోళ్లు వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంప అనుకో. కొన్ని ఊర్లలో అరిగోలు అంటారు. ముందూ వెనకా ఉండదు, గుండ్రంగా ఉంటాది. తెడ్డు పక్కన ఏసి లాగినావంటే ముందుకు పోదు, ఉన్నకాడనే గానుగెద్దు మాదిరి తిరుగుతాది. ముందుకు ఒంగి తెడ్డును నీ దిక్కు లాక్కోవాల. అది చేతికి రావాలంటే రెండు వానకాలాలు పడతాది. మా నాయనకు మూడు పట్టింది. మా ఐవారు ఒకాయన ఓసారి మా పుట్టిలో తిరిగి తిరిగి కండ్లు బైర్లు కమ్మి, ఒడ్డు చేరినాక కూడా ఇసుకలో కూలబడి గట్టు తిరుగుతాంది అంటాన్నాడు. ఆయనే చెప్పినాడు, రాయల కాలంలో పేస్ అనే పోర్చుగీసాయన ఇజయనగరం చూడనొచ్చి, ఆనెగొంది రేవులో ఇట్లాంటి గంప పడవలే చూసినాడని. పదైదు ఇరవై మందిని మోస్తాయి, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు కూడా దాటుతాయి అని రాసిపెట్టినాడంట. మా దాన్ని చూసింటే ఆ మాట రాసేటోడు కాదు పాపం. మా దాంట్లో ఐదో మనిషి ఎక్కితే మొదటి మనిషి దిగాల.

దాని రోగం ఏందో తెలుసునా? నీళ్లు కాదు. నీళ్లు లేకపోవడం. నెలల తరబడి ఎండలో బోర్లా పడుంటే తోలు బిగుసుకొని పటపటా పగిలేది, వెదురు పెళుసెక్కేది. ఆముదం పూస్తే ఎలకలు కొరికేటివి. పూయకుంటే ఊరకుక్కలు తోలువాసనకొచ్చి అంచులు నమిలేటివి. ఎండకాలంలో మా జేజి దాని మీద మిరపకాయలు ఆరబోస్తాండె, కింద కోడి పిల్లలతో కాపురముండె. ఏరొచ్చినప్పుడు కోడిని తరమాల్నా, మిరపకాయలెత్తాల్నా, పుట్టిని మొయ్యాల్నా అని ఇంట్లో పెద్ద కొట్లాట.

ఏరు ఎప్పుడొస్తాదో చెప్పి వస్తాదా? పెన్న పుట్టేది యాడనో కర్ణాటకలో నంది కొండల్లో. అనంతపురం దిక్కు వాన పడితే, మన నెత్తిన చినుకు రాలకుండానే అర్ధరాత్రి గండికోట గండిలో పడి బుసకొట్టుకుంటా దిగేది. చిత్రావతి కూడా పైనే కలిసేది. పొద్దున లేచి చూస్తే ఎర్రనీళ్లు. అప్పుడు నాయన పుట్టిని నీళ్లలోకి దొబ్బి రాయి కట్టి నానేస్తాండె, తోలు మెత్తబడి కుట్లు మూసుకునేదానికి. ఒక పగలు, ఒక రాత్రి నానాల. అది నానే లోపల ఏరు మోకాళ్ల లోతుకు తగ్గిపోయి, జనం నడుచుకుంటా దాటిపోతాంటే, నాయన నానిన పుట్టి పక్కన నిలబడి చూస్తాండె. ఇట్లా ఎన్నిసార్లో.

సరిగ్గా నడిచిన దినాలు కూడా ఉండె లే. అణాలు పోయి నయా పైసలొచ్చిన 1957లో ఇంకో తంటా. మనిషికి రెండణాలు తీసుకుంటాండె నాయన. ఒక అణాకు ఆరు పైసలు లెక్క పెట్టి, రెండణాలకు పన్నెండిస్తాం అని ఎక్కినోళ్లు. పన్నెండున్నర అయితాది, అర పైస లేదు గాబట్టి పదమూడియ్యండి అని నాయన. ఆ పైస కాడ ఏటి నడిమధ్యన వాదులాట. తెడ్డు ఆగితే పుట్టి తిరుగుతాది. తిరిగేకొద్దీ వాళ్లు ఇంకా గట్టిగా అరిచేటోళ్లు. చివరికి పన్నెండే.

ఉప్పు కత చెప్పల్యా? జమ్మలమడుగులో రెండు మూటల ఉప్పు, ఒక బుట్ట బెల్లం ఎత్తుకొని పొద్దుగూకే ఏళకు బయల్దేరినాం, నాయనా నేనూ. నడిమికొచ్చినాక కాళ్ల కింద చల్లగా తగిలింది. పాత కుట్టొకటి ఊడింది. నన్ను చెంబుతో నీళ్లు తోడమన్నాడు. నేను తోడతాండా, నీళ్లు వస్తాండాయి. కొంచేపటికి నీళ్లు మోకాలి కిందనే ఆగిపోయినాయి, పుట్టి కూడా తేలికయినట్లుంది. నేను గెలిచినా అనుకుంటి. గట్టుకొచ్చి చూస్తే గోతాలుండాయి, ఉప్పు లేదు. నేను చెంబుతో తోడి పోసిందంతా ఉప్పే. బెల్లం బుట్ట నిండా నల్లటి పాకం. మా అమ్మ ఆ గోతాలను తొట్టిలో నానబెట్టి, ఆ నీళ్లతో పది దినాలు సంగటికి ఎసరు పెట్టింది. తిట్టింది కూడా లేదు. అదే భయమేసింది.

తర్వాత తోలు తీసేసి టార్పాలిను కప్పి తారు పూసినాడు. కుక్కలు రావడం మానుకున్నాయి. ఎండకు తారు కరిగి మా అందరి పంచెలకూ అంటుకున్యాది, అంతే తేడా. ఆ తర్వాత పైన మైలవరం డ్యాం లేసింది. ఇంగ గేట్లెత్తితేనే ఏరు. పుట్టి చింతచెట్టు కిందికి చేరింది. నాయన మాత్రం అమ్మలేదు, కట్టెలకు కొట్టలేదు. ఎవరన్నా అడిగితే 'ఏరు రానీ' అనేటోడు. ఒక దినం కోడిని పట్టను నేను అంచు పట్టి ఎత్తితే, అంచు నా చేతిలోకొచ్చింది, మిగిలింది పొడిపొడిగా రాలిపోయింది. చెదలు! మునిగిపోయిన పడవలను అందరూ చూసింటారు. చెదలు తిన్న పడవను నేనే చూసినా.

తెడ్డొక్కటి మిగిలింది. దాని కొన నరికించి మా అమ్మ సంగటి తెడ్డు చేసుకుంది. అది అన్నేండ్లలో పని చేసింది అప్పుడేనని అమ్మ అంటాంటే నాయన తల వంచుకొని తినేటోడు.

ఇప్పుడు చూడు. కృష్ణ నీళ్లు తెచ్చి గండికోటలో నింపినారు. ఇరవై ఆరు టీఎంసీలకు పైగా పట్టే చెరువది. ఆడి నుంచి మిషన్లతో ఎత్తి మన పక్కన పైడిపాలేనికీ, పార్నపల్లె రిజర్వాయరుకూ తోలతాండారు. మొన్న మీ నాయన నన్ను గండికోటకు తీసకపోయి పడవెక్కిచ్చినాడు కదా. గట్టి ప్లాస్టిక్ పడవ, మోటారు, మెడకు నారింజ రంగు జాకెట్టు. అందరూ గండిని, కోటగోడలను చూస్తా ఫోటోలు తీసుకుంటాండారు. నేను కిందికే చూస్తాంటి. 'ఏంది నాయనా, ఏమన్నా పోగొట్టుకున్నావా?' అన్నాడు మీ నాయన.

ఏం లేదురా. కాళ్ల కింద చల్లగా తగులుతాందేమో అని.