నవకర్మికుడి చదువు

తత్త్వశాస్త్రం చెప్పే ఆచార్యుణ్ణి డీన్ కుర్చీలో కూర్చోబెడితే పాఠమూ పోతుంది, పాలనా సాగదు అని విశ్వవిద్యాలయాల్లో తరచూ వినిపించే మాట. పల్నాటి శాసనాలు దీనికి వేరే జవాబు చెబుతున్నాయి. మాచర్ల దాపున నాగార్జునకొండలో బౌద్ధ మహాచైత్యం ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి 6వ ఏట, క్రీ.శ. 3వ శతాబ్దంలో పూర్తయింది. సొమ్ము రాజుగారి మేనత్త చాంతిసిరిది, పని చేయించింది భదంత ఆనందుడనే భిక్షువు. ఆయన హోదా నవకర్మికుడు, అంటే కొత్త కట్టడాల మీద పెత్తనం. అలాంటివాడి గురించి స్తంభం మీద చెక్కించిందేమిటంటే, బుద్ధుడి బోధల సంపుటాలైన దీఘ, మజ్ఝిమ నికాయాలు ఆయనకు కంఠస్థమని, వాటిని బోధించే ఆచార్యుల శిష్యుడని! పెత్తనానికి అర్హతగా చదువునే చూపారన్నమాట.

భిక్షువుకు రాళ్లతో, సున్నంతో ఏం పని, అది సంఘం దారితప్పిన కాలపు అలవాటు అనేవారుంటారు. కానీ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలోని చుల్లవగ్గమే ఈ పనికి గడువు పెట్టింది: చిన్న విహారానికి 5, 6 ఏళ్లు, పెద్దదానికి 10, 12 ఏళ్లు, ఒకరికి రెండు కట్టడాల పని అప్పగించరాదు. (మన డీన్లకు ఈ రెండో నియమం ఉంటే ఎంత బాగుండేది!) విహారాన్ని విశ్వవిద్యాలయంతో పోల్చడం అతి అన్న అభ్యంతరం ఇంకా గట్టిది. పట్టాలూ పరీక్షలూ అక్కడ ఉండేవని నేను అనను. ఆచార్య నాగార్జునుణ్ణి అక్కడి కులపతిని చేసే ఉత్సాహమూ నాకు లేదు. ఆ చోటుకు ఇక్ష్వాకు శాసనాలకు తెలిసిన పేర్లు శ్రీపర్వతం, విజయపురి. పోలిక సంస్థల మధ్య కాదు, ఒకే మనిషి చేతిలో పడ్డ చదువు, పెత్తనం అనే రెండు పనుల విషయంలో.

ఆ రెండూ కలిపి మోయడం ఈ కాలంలో కుదరదంటారా? పల్నాటి పక్కనే గుంటూరు సీమలో, సంగం జాగర్లమూడిలో 1924లో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం బోధించారు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, యూజీసీకి ఉపాధ్యక్షులయ్యారు. ఆ పదవులన్నీ దాటాక, 1993లో, వేదవ్యాఖ్యాన పద్ధతులపై ఆయన గ్రంథం వచ్చింది. అందరూ సచ్చిదానందమూర్తులు కాలేరు, నిజమే. అందుకేనేమో బరువును పంచారు పాతవాళ్లు. వీరపురుషదత్తుడి 14వ ఏట ఉపాసిక బోధిసిరి చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనాల్లో ధర్మం నాటిన తామ్రపర్ణి (సింహళ) ఆచార్యుల కోసం అది. వేరే చోట్ల గదులు, మండపాలు, ఒక చెరువు కూడా ఆమె దానాలే. ఇంత పనికి నవకర్మికులు ముగ్గురు థేరులు (పెద్ద భిక్షువులు): చందముఖుడు, ధమ్మనంది, నాగుడు. వాళ్ల పక్కనే రాతిపని చేసిన విధికుడి పేరూ చెక్కి ఉంది.