బేతంచెర్ల అవతల ఒక బుల్లి రాజ్యం

ప్రపంచంలో అతి చిన్న దేశం ఏదని డోన్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల్ని అడిగితే, వాటికన్ అని ఠక్కున చెబుతారు. మన లెక్కలో అది వంద ఎకరాల పైచిలుకు. జనం వెయ్యికి లోపే. ఆ తర్వాత మొనాకో రెండు చదరపు కిలోమీటర్లు, నౌరు 21, టువాలు 26, శాన్ మారినో 61, లీచెన్‌స్టైన్ 160. ఈ వరసంతా వాళ్లకు కంఠతా వచ్చు. 2011 జనాభా లెక్కలకే డోన్ పట్టణంలో 59 వేల మంది ఉన్నారు. నౌరు, టువాలు రెంటినీ కలిపినా పాతికవేలు దాటవు.

కానీ అదే పిల్లల్ని బనగానపల్లె సంస్థానం గురించి అడగండి. మామిడిపండు దగ్గరే ఆగిపోతారు. డోన్ నుంచి బేతంచెర్ల మీదుగా తూర్పుకు పోతే వచ్చే ఆ ఊరు 1948 దాకా ఒక రాజ్యానికి రాజధాని. 1901 నాటి లెక్కల్లో ఆ రాజ్యం వైశాల్యం 255 చదరపు మైళ్లు, అంటే సుమారు 660 చదరపు కిలోమీటర్లు. జనం 32,264. ఈనాటి మాల్టా, మాల్దీవులు రెండూ తెచ్చి పరిచినా అందులో ఇంకా చోటు మిగిలేది. శాన్ మారినోలో ఇప్పుడున్న జనమూ సుమారుగా అంతే. మద్రాసు ప్రభుత్వం కింద ఐదు సంస్థానాలుండేవి: తిరువాన్కూరు, కొచ్చిన్, పుదుక్కోట, బనగానపల్లె, సండూరు. నేటి రాయలసీమ జిల్లాల్లో ఉన్నది బనగానపల్లె ఒక్కటే. బళ్లారి పక్కనున్న సండూరు ఇంకా చిన్నది, దాన్ని ఘోర్పడే వంశం ఏలింది.

ఇంత చిన్న సీమకు నవాబు ఎక్కడినుంచి వచ్చాడు? బిజాపూరు ఆదిల్‌షాహీల కాలం నుంచి. పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ కోట వాళ్ల చేతికి చిక్కింది. సిద్ది సంబల్ అనే సేనాని దీన్ని చూసుకున్నాడు. 1665 ప్రాంతంలో ముహమ్మద్ బేగ్ ఖాన్‌కు జాగీరుగా దక్కింది. ఆయనకు మగపిల్లలు లేకపోవడంతో మనవడు ఫైజ్ అలీ ఖాన్‌ను దత్తు తీసుకుని అతనికే అప్పగించాడు. 1686లో ఔరంగజేబు బిజాపూరును గెలిచాక జాగీర్లన్నీ చేతులు మారే కాలం వచ్చింది. అయినా మొగలుల కొలువులో ఉన్న ఫైజ్ అలీ మేనమామ ముబారిజ్ ఖాన్ అండ వల్ల ఇది నిలబడిందని వంశ చరిత్ర చెబుతుంది. మైసూరు హైదర్ అలీ, టిప్పు కాలంలో మళ్లీ గండం వచ్చిపడింది. టిప్పు జాగీరును లాగేసుకుంటే కుటుంబం హైదరాబాదు చేరి తలదాచుకుంది. కొన్నేళ్లకు తిరిగివచ్చి దాన్ని సాధించుకుంది. 1800లో నిజాం ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అలా చుట్టూ ఉన్న సీమ అంతా దత్తమండలాలైంది, మధ్యలో ఈ జాగీరు మాత్రం ఆ కుటుంబం చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ నన్ను ఆపే సంగతి ఒకటుంది. అప్పట్లో పక్కనే కర్నూలు నవాబు ఉండేవాడు. బనగానపల్లెతో పోలిస్తే ఆయన రాజ్యం చాలా పెద్దది, కోటా పెద్దది. 1839లో గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఫిరంగులూ మందుగుండూ పోగేస్తున్నాడని కంపెనీ సైన్యం వచ్చి కర్నూలును పట్టుకుంది. ఆయన్ని తిరుచిరాపల్లికి తీసుకుపోయారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలు నవాబు పాలన అంతటితో ముగిసింది. సరిగ్గా ఆ రోజుల్లో బనగానపల్లె తన కాళ్ల మీద తాను నిలబడే స్థితిలో లేదు. ఖజానా చితికిపోయినందువల్ల 1832 నుంచి 1848 వరకు దాని పాలన మద్రాసు ప్రభుత్వమే చూసింది. 1846లో పొరుగున కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు రగిలినప్పుడూ అంతే. తిరుగుబాటు అణిగింది, నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరిలో ఉరితీశారు. ఆ మరుసటి ఏడాది బనగానపల్లెను మళ్లీ నవాబు కుటుంబానికే ఇచ్చేశారు.

భయం పుట్టించేంత బలం ఉన్న కర్నూలు పోయింది, ఎవరికీ అడ్డురానిది మిగిలింది. చిన్న రాజ్యాలు బతకడంలో ఉన్న కిటుకు ఇదేనని నా నమ్మకం. యూరప్‌లోనూ జరిగింది ఇంతకన్నా వేరేమీ కాదు. లీచెన్‌స్టైన్ దొరలు 1699లో ఒక సీమను, 1712లో ఇంకో సీమను డబ్బు పెట్టి కొన్నారు. సామ్రాజ్య సభలో ఆసనం దొరకాలంటే నేరుగా చక్రవర్తి కిందే ఉండే నేల కావాలి కాబట్టి కొన్నారు. 1719లో అది సంస్థానమైంది. మొనాకో 1861లో తన భూమిలో అత్యధిక భాగం ఫ్రాన్సుకు వదులుకుని మిగతాది దక్కించుకుంది. వాటికన్ సంగతి మరీ దగ్గరిది. 1929 ఫిబ్రవరి 11న ఇటలీతో కుదిరిన ఒప్పందమే దానికి పుట్టుక. పక్కనున్న పెద్దవాడి సంతకం వల్ల నిలిచినవే ఇవన్నీ.

బనగానపల్లె నవాబుకు తొమ్మిది ఫిరంగుల వందన మర్యాద ఉండేది. రక్షణ, విదేశీ వ్యవహారాలు మాత్రం బ్రిటిషు దొరల చేతిలోవే. అప్పులు ముదిరితే పీఠమూ దక్కేది కాదు. 1868 నుంచి ఏలిన ఫతే అలీ ఖాన్ పాలన 1905లో ముగిసింది, ఆ ఏడు కొన్ని నెలలు రాజ్యం మళ్లీ మద్రాసు వాళ్ల అజమాయిషీలోకి పోయింది. చివరి నవాబు ఫజ్లే అలీ ఖాన్ 1922లో గద్దెనెక్కాడు. స్వాతంత్ర్యం వచ్చాక పక్కనున్న పెద్దవాడు మారిపోయాడు. 1948 ఫిబ్రవరిలో సంస్థానం మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో భాగమైంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఇరవై ఏళ్లకు 1968లో నౌరు స్వతంత్ర దేశమైంది. వైశాల్యంలో అది బనగానపల్లె సంస్థానంలో ముప్పయ్యో వంతు. అది మహాసముద్రం మధ్యనున్న దీవి, ఇది చుట్టూ కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలున్న నేల. బనగానపల్లె విడిగా మనగలిగేది కాదు, కలిసిపోవడమే జనానికి మేలైంది. అందుకు నాకు విచారం లేదు. మరచిపోయినందుకే బాధ.

ఎందుకంటే ఆ చిన్న నేలలో ఉన్న సరుకు సామాన్యమైనది కాదు. 1872లో విలియం కింగ్ ఇక్కడి రాతిపొరలకు బనగానపల్లె పేరే పెట్టాడు. ఆ పొరల్లోనే వజ్రాలకోసం తవ్విన గనులున్నాయి. జుర్రేరు లోయలో జ్వాలాపురం దగ్గర పలుగు దించితే తెల్లని బూడిద పొర తగులుతుంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి రాలిన బూడిద అది. దాని కిందా, పైనా మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాచి, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని ఇక్కడి వాళ్లు చెబుతారు. ఆయన మహిమను పరీక్షించబోయి చివరికి మొక్కిన నవాబు కథా చెబుతారు. పలుచని తొక్క, పసుపు రంగు, పీచులేని కండ ఉన్న ఇక్కడి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

యాగంటి పోయే దోవలో, పాతపాడు దగ్గర గుట్టమీద నవాబుల బంగళా ఉంది. 2009లో వచ్చిన సినిమా తర్వాత అందరూ దాన్ని అరుంధతి కోట అంటున్నారు. సెలవు రోజుల్లో డోన్ నుంచీ నంద్యాల నుంచీ పిల్లలు వచ్చి ఫొటోలు దిగుతారు. తీసుకొచ్చే అయ్యవార్లకు నాదొక మనవి. సినిమా కథతోపాటు, ఆ గుట్టమీద నిలబడి చూస్తే కనబడే నేల ఒకప్పుడు ఎవరిదో, దాని ఎల్లలేమిటో, 1948 ఫిబ్రవరిలో ఏం జరిగిందో కూడా వాళ్లకు చెప్పండి.