ఓలి, మనోవర్తి, భరణం: తెలుగునాట విడాకుల వ్యయ చరిత్ర

1897లో వెలువడిన కన్యాశుల్కం నాటకం తొలికూర్పుకు రాసిన ఆంగ్ల పీఠికలో గురజాడ అప్పారావు ఒక లెక్కను పేర్కొన్నారు. విజయనగర సంస్థానాధీశుడు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ల కాలంలో జరిగిన శుల్కవివాహాల జాబితాను తయారు చేయించారు. అందులోకి ఎక్కినవి 1034. వధువులలో 99 మంది అయిదేళ్లవారు, 44 మంది నాలుగేళ్లవారు. ఏడాది వయసున్న పసిపిల్లలు ముగ్గురు. వారికి పలికిన ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. పెళ్లి ధరను ఇంత వివరంగా లెక్కగట్టిన ఆ కాలం, పెళ్లి చెడితే అయ్యే ఖర్చుకు మాత్రం జాబితా వేయలేదు. శాస్త్రోక్త వివాహం విడదీయరానిదన్న నియమం ఆ కుటుంబాలలో అమలులో ఉంది కనుక అలాంటి ఖర్చే లేదని భావించే వీలుంది. నిజానికి విడిపోయే హక్కు లేని చోటే ఆ ఖర్చు అత్యధికం. అది పుట్టింటి పంచలో గడిచే జీవితకాలం రూపంలో ఉంటుంది కనుక ఏ దస్త్రంలోనూ అంకెగా కనిపించదు.

తెలుగు ప్రాంతాలలో దంపతులు విడిపోవడానికి అయిన వ్యయాన్ని పరిశీలిస్తే, మొత్తం ఎంత అన్న ప్రశ్న కన్నా, ఎవరు ఎవరికి చెల్లించారు, ఎవరి ఎదుట చెల్లించారు, చెల్లించినట్టు ఎలా రుజువైంది అన్న ప్రశ్నలే ఎక్కువ విషయాన్ని బయటపెడతాయి. కులకట్టు నుంచి చట్టానికి జరిగిన మార్పులో స్త్రీకి కొత్త హక్కులు వచ్చాయి. ఆ హక్కులను అందుకోవడానికి అయ్యే ఖర్చు కూడా వాటితోపాటే వచ్చింది.

కులకట్టులో విడుపు

1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి అనేక తెలుగు కులాలలో విడాకులు, మారుమనువు వాడుకలో ఉన్నట్టు నమోదు చేశారు. ఇవి ప్రధానంగా ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునే కులాలు. వీటిలో లెక్క సూటిగా ఉండేది. స్త్రీ మొదటి భర్తను విడిచి మరొకరితో వెళ్లదలిస్తే, ఆమె పుట్టింటివారు గానీ కొత్త భర్త గానీ మొదటివాడు పెట్టిన ఓలిని, పెళ్లి ఖర్చును తిరిగి ఇవ్వాలి. కులపెద్దలకు తప్పు కట్టాలి, కూడినవారికి విందు పెట్టాలి. అక్కడితో తగువు తీరిపోయేది. మారుమనువుకు తంతు తక్కువ, ఓలి కూడా సాధారణంగా తక్కువే.

ఈ ఏర్పాటును ఆదర్శీకరించడం సరికాదు. ఓలి తిరిగి చెల్లించగలవాడు దొరకనిదే స్త్రీకి విడుపు దక్కేది కాదు. పిల్లలు తండ్రి ఇంటనే ఉండిపోవడం సర్వసాధారణం. భర్త తనంత తాను వదిలేస్తే ఆమెకు నెలనెలా జీవనాధారం ఇవ్వాలన్న ఊహ కులకట్టులో బలహీనం. అయితే ఖర్చు ఎంతో ముందే తెలుసు, తీర్పు ఊరి రచ్చబండ దగ్గరే దొరుకుతుంది, ఒకటి రెండు కూడికల్లో ముగుస్తుంది. ఈ మూడు గుణాలనూ తరువాతి కాలపు కోర్టులు తిరిగి సంపాదించలేకపోయాయి.

ఓలి ఉన్న చోట డబ్బు పెళ్లికొడుకు వైపు నుంచి వచ్చింది కనుక విడిపోయేటప్పుడు అటే తిరిగి వెళ్లింది. కన్యాశుల్కంలోనూ డబ్బు ఆ దిక్కుగానే నడిచింది గానీ, విడుపు లేనందున తిరిగి రావలసిన అవసరమే కలగలేదు. వరకట్నం విస్తరించిన తరువాత డబ్బు నడిచే దిక్కు మారింది. ఇప్పుడు తిరిగి రావలసింది ఆడపిల్ల పుట్టింటికి. కట్నానికి కాగితం ఉండదు. 1958లో ఆంధ్రప్రదేశ్ తన వరకట్న నిషేధ చట్టాన్ని చేసింది, 1961లో కేంద్ర చట్టం వచ్చింది. ఇచ్చింది నేరమైన తరువాత, ఇచ్చానని కోర్టులో చెప్పుకోవడం మరింత ఇబ్బందికరమైంది. పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం సంగతి వేరు. అది స్త్రీ సొత్తే, కానీ సాగు చేసేది, శిస్తు కట్టేది భర్త. స్త్రీధనం భర్త చేతిలో ఉన్నా ఆమెదేనని, తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమవుతుందని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పడానికి 1985లో ప్రతిభారాణి కేసు దాకా ఆగవలసి వచ్చింది.

యాభై రూపాయల హద్దు

వలస పాలనలో విడిచిపెట్టబడిన భార్యకు ఉన్న దారులు రెండు. మొదటిది 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షను. మతంతో నిమిత్తం లేకుండా, పోషించే శక్తి ఉండీ భార్యను ఉపేక్షించిన భర్త చేత మేజిస్ట్రేటు మనోవర్తి ఇప్పించవచ్చు. దానికి హద్దు నెలకు యాభై రూపాయలు. 1923లో అది వంద అయింది, 1955లో అయిదువందలు. 1973 కోడ్‌లో ఈ నిబంధన 125వ సెక్షనుగా మారినా అయిదువందల హద్దు అలాగే నిలిచింది. 2001 సవరణలో గానీ తొలగిపోలేదు. కేంద్ర చట్టంలో ఒకే అంకె నలభై ఆరేళ్లు కదలకుండా ఉండిపోయిందన్నమాట. ఈ మధ్యకాలంలో బియ్యం ధర, ఇంటి అద్దె ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాయో ఏ ఇంటి పద్దుపుస్తకం తిరగేసినా తెలుస్తుంది.

ఈ సెక్షనులో తెలుగు పల్లెలకు ప్రత్యేకంగా తగిలిన షరతు ఒకటుంది. పరస్పర అంగీకారంతో వేరుగా ఉంటున్న భార్యకు మనోవర్తి రాదు. కులపెద్దల ఎదుట ఇద్దరూ ఒప్పుకొని విడిపోవడమే కులకట్టు పద్ధతి. ఆ ఒప్పుదలే కోర్టులో ఆమెకు అడ్డంకి కాగలదు. 1973 కోడ్ విడాకులు పొందిన స్త్రీని కూడా భార్య అన్న నిర్వచనంలోకి తెచ్చింది. పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీకి ఈ షరతు వర్తించదని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది.

రెండవ దారి సివిల్ దావా. హద్దు లేదు గానీ రుసుము ఉంది. 1870 కోర్టు ఫీజుల చట్టం ప్రకారం మనోవర్తి దావా విలువ అంటే ఏడాదికి కోరిన మొత్తానికి పదిరెట్లు. నెలకు పది రూపాయలు అడిగిన స్త్రీ దావా విలువ 1200 రూపాయలు, ఇరవై అడిగితే 2400. ఆకలి ఎంత చెప్పుకుంటే రుసుము అంత పెరుగుతుంది. రుసుము కట్టలేనివారికి పాపరు దావా వెసులుబాటు ఉండేది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ కింద, కట్టుబట్టలు, దావా ఆస్తి మినహా వంద రూపాయల ఆస్తి కూడా లేదని చూపాలి. మెడలో నగ ఉన్న స్త్రీకి ఈ పరీక్ష కష్టమే. దావా వేయడానికి ముందు నగ అమ్ముకోవలసిన పరిస్థితిని చట్టమే కల్పించింది.

క్రైస్తవ కుటుంబాల పరిస్థితి చరిత్రకారుల దృష్టికి తగినంతగా రాలేదు. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో ఒంగోలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో మాల మాదిగ కుటుంబాలు పెద్దసంఖ్యలో క్రైస్తవంలో చేరాయి. చేరకముందు వారికి కులకట్టు విడుపు ఉంది. చేరిన తరువాత 1869 నాటి విడాకుల చట్టం వర్తించింది. దాని ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం ఆ ఒక్కటి చూపితే చాలదు, దానితోపాటు క్రూరత్వమో పరిత్యాగమో మరో తప్పిదమో జోడించాలి. జిల్లా కోర్టు ఇచ్చిన డిక్రీకి హైకోర్టు ఆమోదం అవసరం, అంటే అప్పట్లో మద్రాసు. కేసు నడుస్తున్నంత కాలం భార్యకు దక్కే భరణం భర్త సగటు నికరాదాయంలో అయిదో వంతు మించకూడదు. కులపంచాయతిలో తప్పు కట్టి ముగించుకోగలిగిన కుటుంబాలకు ఇది చేరుకోలేని ఎత్తు. సామాజిక గౌరవం కోసం చేసిన మతాంతరం ఈ ఒక్క విషయంలో పేదస్త్రీకి ఖరీదైనదిగా పరిణమించిందని చెప్పక తప్పదు. ఈ నిబంధనలు 2001 దాకా కొనసాగాయి.

ముస్లిం కుటుంబాలలో విడిపోయే ధర పెళ్లినాడే మెహర్‌గా రాసుకుంటారు. భర్త తలాక్ చెబితే అది చెల్లించాలి; భార్య ఖులా కోరితే సాధారణంగా దాన్ని వదులుకోవాలి. ఆ మొత్తం జీవనానికి చాలుతుందా అన్న ప్రశ్నను దేశం ముందుంచింది ఇండోర్‌కు చెందిన షాబానో కేసు. ఆమెకు మేజిస్ట్రేటు 1979లో ఇప్పించింది నెలకు 25 రూపాయలు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలకు పెంచింది. 1985లో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది ఈ మొత్తాన్నే. దేశ రాజకీయాలను కుదిపిన ఆ తీర్పు వెనుక ఉన్న అంకె ఇంత చిన్నదన్న సంగతి తరచు మరుగున పడుతుంది.

1955 తరువాత

మద్రాసు రాష్ట్రం 1949లోనే హిందువులకు ద్విభార్యత్వ నిరోధం, విడాకులు కల్పిస్తూ చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటికి ఆ రాష్ట్రంలోవి. తెలంగాణ హైదరాబాదు రాజ్యంలోది. అందువల్ల కృష్ణకు ఇటు ఉన్న గుంటూరు జిల్లా స్త్రీకి దొరికిన దారి, అటు ఉన్న నల్లగొండ జిల్లా స్త్రీకి 1955 హిందూ వివాహ చట్టంతోనే దొరికింది. ఈ చట్టం 24వ సెక్షను కింద కేసు ఖర్చులు, మధ్యంతర మనోవర్తి, 25వ సెక్షను కింద శాశ్వత భరణం కోరవచ్చు. స్తోమత లేని భర్త కూడా భార్య నుంచి కోరవచ్చన్నది చాలామందికి తెలియని అంశం. కులకట్టు విడాకులను 29వ సెక్షను కాపాడింది, కానీ ఆ ఆచారం తమ కులంలో ఉన్నదని రుజువు చేసే భారం దాన్ని చెప్పుకునేవారి మీదే పడింది. స్టాంపు కాగితం మీద పెద్దలు రాయించిన విడుదల పత్రం, ఆచారం రుజువు కాకపోతే, కాగితంగానే మిగులుతుంది. ఆమె రెండో పెళ్లి చెల్లదంటారు. రెండో భర్త పోతే పింఛను ఆగుతుంది. ఒకనాటి చవకైన విడుపు ఇలా తరువాతి తరం నెత్తిన బాకీగా దిగింది.

కుటుంబ ఆర్థికస్థితిని బట్టి ఈ ఖర్చు ఎలా మారుతుందో ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. భర్త నెలజీతగాడైతే జీతపు చీటీయే సాక్ష్యం. 1970లో కులభూషణ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సమంజసమన్న నికర జీతంలో నాలుగో వంతును 2017లో మరో తీర్పు ప్రమాణంగా గుర్తు చేసింది. 1869 చట్టపు అయిదో వంతు నుంచి ఇక్కడికి రావడానికి పట్టిన కాలం గమనించదగ్గది. రైతు కుటుంబంలో చీటీ ఉండదు. పొలం తండ్రి పేరనో అన్నదమ్ముల ఉమ్మడిలోనో ఉంటుంది. దావా పడబోతుందని తెలిసిన నాడు భాగపంపిణీ పత్రం పుడుతుంది. కూలి చేసుకునే భర్త విషయంలో, ఒళ్లు వంచగలవాడు సంపాదించగలడన్న న్యాయస్థానాల వాదం ఉత్తర్వు వరకు పనికొస్తుంది, వసూలు దగ్గర ఆగిపోతుంది. బకాయి పడిన నెలకు నెలరోజుల దాకా జైలు వేయవచ్చు. కానీ వారంటు కోసం బకాయి పడిన ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవాలి. కూలి మానుకొని కోర్టుకు రాలేని స్త్రీకి ఆ గడువు దాటిపోతుంది. భార్యకు సంపాదన ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలని 1974లో భగవాన్ దత్ కేసు చెప్పింది. ఇరుపక్షాలూ ఆస్తి, ఆదాయాల ప్రమాణపత్రాలు దాఖలు చేయాలని, మనోవర్తి అర్జీ పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలని 2020లో రజనీష్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతవరకు కేసు సాగినన్నాళ్ల తిండి ఖర్చు ఎవరిదన్నది ఏ కోర్టు ముందుకు వెళ్లారన్న దాన్ని బట్టి ఉండేది.

1976లో వచ్చిన పరస్పర అంగీకార విడాకులు కాగితం మీద అతి చవకైనవి. ఏడాది విడిగా ఉండటం, ఆపై ఆరునెలల గడువు. ఆ గడువు తప్పనిసరి కాదని 2017లో తీర్పు వచ్చింది. ఆచరణలో ఈ అంగీకారానికి ముందు ఒకేమొత్తం మీద బేరం నడుస్తుంది. బేరంలో కట్నం, బంగారం, పిల్లల చదువు, పెండింగులో ఉన్న క్రిమినల్ కేసులు అన్నీ కలిసిపోతాయి. ఓలి నాటి పెద్దమనుషుల తగువుకు దీనికి పోలిక బలంగానే ఉంది, పెద్దమనుషుల స్థానంలో ప్లీడర్లు కూర్చున్నారు. 1987 న్యాయసేవాధికార చట్టం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఇచ్చింది. ప్లీడరు ఫీజు దానితో తీరుతుంది. వాయిదా రోజు పోయిన కూలి, బస్సు చార్జీ తీరవు.

దూరమే ఖర్చుగా మారిన సందర్భం వలస కుటుంబాలలో అతి తీవ్రంగా కనిపిస్తుంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో, భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టులో విడాకులు తీసుకుని 1981లో యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ కోర్టు అధికారానికి కావలసింది తొంభై రోజుల నివాసం మాత్రమే. భార్య ఇక్కడి నుంచే అభ్యంతరం తెలుపుతూ జవాబు పంపింది గానీ సముద్రం దాటి హాజరు కాలేదు. కాపురం మళ్లీ కుదరనంతగా చెడిందన్న కారణంతో డిక్రీ వచ్చింది. హిందూ వివాహ చట్టంలో అటువంటి కారణమే లేదు. ఆమె ద్విభార్యత్వ నేరం మోపింది. కింది కోర్టు భర్తను వదిలేసింది, హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. 1991లో సుప్రీంకోర్టు విదేశీ డిక్రీని గుర్తించడానికి నిరాకరించింది. పెళ్లి జరిగిన చట్టం ఒప్పుకునే కోర్టు, ఒప్పుకునే కారణం, ఎదుటిపక్షం నిజంగా పాల్గొనే అవకాశం ఉంటేనే అలాంటి డిక్రీ చెల్లుతుందని సూత్రీకరించింది. ప్రవాస తెలుగు కుటుంబాల కేసుల్లో ఈ తీర్పు నేటికీ ఆధారం. ఆ భార్యకు మాత్రం అది తుదితీర్పు కాదు. ఫిర్యాదు అప్పటికే ఏళ్లనాటిదని, త్వరగా తేల్చాలని చెబుతూ, విచారణను మళ్లీ మేజిస్ట్రేటుకే అప్పగించారు.