పరిశోధనా ప్రాజెక్టులలో ఓవర్‌హెడ్ నిధులు - విశ్వవిద్యాలయాలకు ఆసరా

హైదరాబాద్: కళాశాలలు, వసతి గృహాలు, శిక్షణ కేంద్రాలతో నిండిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో రీయింబర్స్‌మెంటు అనగానే విద్యార్థుల బోధనా రుసుమే గుర్తుకు వస్తుంది. విద్యాసంస్థలకు అందే మరొక చెల్లింపునకు అంత ప్రచారం లేదు. అది పరిశోధనా ప్రాజెక్టును నిర్వహించే సంస్థకు పరోక్ష వ్యయాల నిమిత్తం లభించే ఓవర్‌హెడ్ నిధి.

పరోక్ష వ్యయం అంటే

పరికరాలు, రసాయనాలు, పరిశోధక సహాయకుల వేతనాలు, ప్రయాణ ఖర్చులను ప్రాజెక్టు పద్దులలో నేరుగా చూపుతారు. అయితే ఆ పరికరాలు నడవడానికి విద్యుత్తు కావాలి. భవనం, నీరు, గ్రంథాలయం, భద్రత, లెక్కల విభాగం కావాలి. వీటిని ఏ ఒక్క ప్రాజెక్టుకో విడదీసి చూపడం సాధ్యం కాదు. ఈ ఖర్చులో కొంత భాగాన్ని భర్తీ చేయడమే ఓవర్‌హెడ్ ఉద్దేశం.

ఒకే దారిలో రెండు తరగతులు

కేంద్ర విజ్ఞాన, సాంకేతిక శాఖ ప్రాజెక్టు మార్గదర్శకాలలో కోటి రూపాయల లోపు ప్రాజెక్టులకు విద్యాసంస్థలకు 10 శాతం, కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలలకు 8 శాతం ఓవర్‌హెడ్ నిర్దేశించారు. ప్రయోగశాలలలో మౌలిక వసతులు మెరుగుగా ఉంటాయన్నది ఈ తేడాకు కారణం. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా తార్నాక వెళ్లే మార్గంలో ఈ రెండు తరగతుల సంస్థలూ ఉన్నాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ, ఐఐసీటీ ప్రయోగశాలల తరగతికి చెందగా, వాటికి చేరువలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం విద్యాసంస్థల తరగతిలోనిది. ఈ లెక్కన 40 లక్షల రూపాయల ప్రాజెక్టుపై విశ్వవిద్యాలయానికి 4 లక్షలు, ప్రయోగశాలకు 3.20 లక్షలు లభిస్తాయి.

పెద్ద ప్రాజెక్టులకు పరిమితి

ఇవే మార్గదర్శకాల ప్రకారం కోటి నుంచి 5 కోట్ల వరకు గల ప్రాజెక్టులకు 10 శాతం లేదా 15 లక్షలు, ఏది తక్కువైతే అది ఇస్తారు. 5 కోట్ల నుంచి 20 కోట్ల వరకు 20 లక్షలు ఇస్తారు. అంటే 3 కోట్ల ప్రాజెక్టుకు 5 శాతం, 20 కోట్ల ప్రాజెక్టుకు 1 శాతం మాత్రమే అందుతుంది. పరికరాలు పెరిగిన కొద్దీ విద్యుత్తు, నిర్వహణ భారం పెరుగుతుంది గాని ఓవర్‌హెడ్ అదే నిష్పత్తిలో పెరగదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఆ లోటును రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు, సొంత ఆదాయాల నుంచే పూడ్చుకోవలసి ఉంటుంది.

అమెరికాలో ఈ రేటును ఒక్కొక్క విశ్వవిద్యాలయంతో ప్రభుత్వం విడిగా ఖరారు చేస్తుంది. 2025 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు అన్నింటికీ 15 శాతం పరిమితి ప్రకటించగా, న్యాయస్థానాలు దానిని నిలిపివేశాయి.

గమనించవలసిన అంశాలు

- ఓవర్‌హెడ్ సంస్థకు చెందుతుంది. అది ప్రధాన పరిశోధకుని పారితోషికం కాదు.
- కళాశాల అధ్యాపకునికి ప్రాజెక్టు మంజూరైతే, దానిని నిర్వహించే కళాశాలకే ఈ మొత్తం లభిస్తుంది.
- వినియోగ ధ్రువపత్రాల సమర్పణలో జాప్యం జరిగితే తదుపరి వాయిదా విడుదల ఆలస్యమవుతుంది.
- 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానంలో పూర్వపు ఎస్.ఇ.ఆర్.బి. విలీనమైంది. సంస్థను, పథకాన్ని బట్టి రేట్లు మారుతాయి కనుక ప్రతి ప్రాజెక్టుకు దాని మంజూరు ఉత్తర్వే ప్రమాణం.